మూడో గేరు

సోమవారం పొద్దున మేడిపల్లి దాటాక కారు ఒక్క క్షణం గాలిలో తేలినట్టయింది. దశరథం కాలు యాక్సిలరేటర్ మీదనే ఉంది. రెండో గేరు నుంచి మూడోదానికి మారాల్సిన చోట ఇంజను ఒక్కసారిగా గొంతు పెంచింది. బండి మాత్రం ముందుకు లాగలేదు. మీటరు ముల్లు మూడు వేలు దాటింది. తర్వాత వెనకనుంచి ఎవరో నెట్టినట్టు చిన్న కుదుపుతో గేరు పడింది. వెనక సీట్లో రామస్వామి సారు కళ్లు మూసుకుని ఉన్నారు. పక్కన ఆయన భార్య ఊర్మిలమ్మ మందుల సంచిలో ఏదో వెతుక్కుంటోంది. ఇద్దరూ ఏమీ గమనించలేదు. దశరథం ఒక్కడే అద్దంలో వాళ్ల ముఖాలు చూసి, వేగం తగ్గించాడు.

అది క్లచ్ లేని బండి, గేర్లు వాటంతట అవే మారతాయి. సారుకు చిన్నప్పుడే పోలియోతో ఎడమ కాలు చచ్చుబడింది కనుక, బడిలో సైన్సు చెప్పే రోజుల్లోనే హైదరాబాదులో వెతికి మరీ దాన్ని కొనుక్కున్నారు. పదిహేడేళ్లయింది. ఇప్పుడు ఆయనకు రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు. సోమ, బుధ, శుక్రవారాలు కోరుట్ల నుంచి జగిత్యాలకు పోయి, నాలుగు గంటలు మంచం మీద పడుకుని రక్తం కడిగించుకుని రావాలి. అలాంటి బండి మీద చేయి తిరిగినవాడు చుట్టుపక్కల దశరథం ఒక్కడే. కువైట్‌లో ఒక ఇంటి డ్రైవరుగా నాలుగేళ్లు నడిపాడు. రెండేళ్లుగా ఈ కారు స్టీరింగును అతను తప్ప మరొకరు ముట్టుకోలేదు.

మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో ఆసుపత్రి ఆవరణలో బండి వెనక్కి తీయబోతే, గేరు కర్రను వెనక గేరులోకి వేశాక రెండు లెక్కపెట్టేంతసేపు కదల్లేదు. ఆ రెండు లెక్కలూ దశరథం అద్దం సర్దుకుంటున్నట్టు నటించాడు. రోడ్డెక్కాక ఇంకో ఉపాయం పట్టుబడింది. ఇంజను గొంతు పెరగబోయే ఘడియను చెవితో పసిగట్టి, సరిగ్గా అప్పుడే కాలు కొంచెం ఎత్తితే మూడో గేరు మెత్తగా పడుతోంది. నిద్రపోతున్న పసిపిల్ల మీద దుప్పటి కప్పినంత జాగ్రత్తగా అతను ఆ కాలు ఎత్తాడు. కోరుట్ల చేరేసరికి పదకొండుసార్లు ఎత్తాడు. ఒక్క కుదుపూ రాలేదు.

మంగళవారం పొద్దున్నే రుద్రంగి నుంచి మొదటి బస్సుకు వచ్చి, సారు ఇంటి ముందు బానెట్ ఎత్తాడు. ఇంజను నడుస్తుండగానే గేరుపెట్టెలో నూనె చూసే పుల్ల బయటికి లాగి తెల్లగుడ్డ మీద తుడిచాడు. ఎర్రగా, అద్దంలా ఉండాల్సిన నూనె చిక్కగా, మబ్బుగా, గులాబీ రంగు పాలలా ఉంది. ఆ రంగును అతను జీవితంలో ఒకే ఒక్కసారి చూశాడు. కువైట్‌లో, అప్పుడు పుల్లను పట్టుకున్నది ఒక గ్యారేజీవాడు. వెనక కఫీల్, అంటే తన వీసా చేతిలో ఉన్న యజమాని, నిలబడి ఉన్నాడు. గేర్లు తప్పుగా వేసి ఇదంతా నువ్వు చేసిందేనని ఆ గ్యారేజీవాడు హిందీలో చెప్పాడు.

దశరథం గుడ్డను నలిపి ప్యాంటు జేబులో కుక్కుకున్నాడు. పుల్లను ఉన్నచోట పెట్టాడు. రేడియేటర్ మూత తీసి, రోజులాగే తగ్గిన నీళ్ల వెలితిని సీసాతో నింపాడు. రెండు వారాలుగా రోజూ సీసాడు పడుతున్నాయి. పాత బండి అన్నాక తాగుతుంది, డ్రైవరన్నవాడు చూసుకోవాలి అనుకున్నాడు. కారు తుడిచి, అద్దాలు తళతళలాడించి, బస్టాండుకు నడుస్తూ దారిలో మోరీలోకి ఆ గుడ్డ విసిరేశాడు.

బుధవారం పోయేటప్పుడు కాలు ఎత్తడం రెండుసార్లు తప్పింది. రెండోసారి పడ్డ కుదుపుకు సారు తల సీటుకు తగిలింది. ఆయన కళ్లు తెరిచి, మెల్లగా అడిగారు.

“దశరథం, బండేమన్న గుంజుతున్నదా?”

“లేద్సార్. రోడ్డు కరాబున్నది.”

సారు కిటికీలోంచి రోడ్డు వైపు చూశారు. ఆ ముక్క కిందటి నెలలోనే కొత్తగా వేశారు. నల్లగా, నున్నగా, తెల్లగీతల రంగు ఆరనట్టే ఉంది. ఆయన ఆ రోడ్డును చాలాసేపు చూసి మళ్లీ కళ్లు మూసుకున్నారు. 

ఆ నాలుగు గంటలూ దశరథం చాయ తాగడానికి కూడా పోకుండా కారులోనే కూర్చున్నాడు. సిరిసిల్లలో హన్మండ్లు అని ఒక మెకానిక్ ఉన్నాడు. షార్జాలో పంతొమ్మిదేళ్లు ఈ గేరుపెట్టెలే విప్పి వచ్చినవాడు. అతని నంబరు ఫోనులో ఉంది. దశరథం దాన్ని తెర మీదికి తెచ్చి, వేలు దాని మీద పెట్టబోయి ఆపాడు. మెకానిక్ రాగానే మొదట అడిగేది నడిపినవాడు ఎవడని. ఆ మాటకు ఈ బండి విషయంలో ఒకటే జవాబు. తెర తనంతట తను ఆరిపోయేదాకా చూసి ఫోను జేబులో పెట్టుకున్నాడు. శుక్రవారం ఒక్కటి గడిస్తే ఆదివారందాకా వ్యవధి దొరుకుతుంది. ఆలోగా ఏదన్నా దారి కనబడకపోదు అనుకున్నాడు.

శుక్రవారం అరగంట ముందే బయలుదేరదీశాడు. ట్రాఫిక్ ఉంటుందని చెప్పాడు. మూడో గేరు ఊసే రాకుండా కర్రను రెండులోనే ఉంచి, ముప్పయి ఐదు దాటకుండా నడిపాడు. వెనకొచ్చే లారీలు హారన్లు కొడుతూ దాటిపోయాయి. మేడిపల్లి దాటిన రెండు కిలోమీటర్లకు ఇంజను మళ్లీ గొంతు పెంచింది. ఈసారి గేరు పడలేదు. అతను కాలు ఎత్తాడు, మళ్లీ నొక్కాడు. కర్రను అన్ని గేర్లలోకీ మార్చి చూశాడు. ఇంజను అరుస్తూనే ఉంది, బండి తనంతట తాను నెమ్మదించి, రోడ్డు అంచున ఆగిపోయింది. మాడు వాసన లోపలికి వచ్చింది.

మే నెల ఎండ. తొమ్మిదిన్నరకే తారు మెత్తబడుతోంది. సారు పాదాలు రెండు రోజుల నీటితో ఉబ్బి చెప్పుల పట్టీల మీదికి పొంగి ఉన్నాయి. బస్సు ఆపితే ఆగింది కానీ ఆయన ఆ మెట్టు ఎక్కలేకపోయారు. కండక్టరు దిగి చేయి అందించాడు, అయినా లాభం లేకపోయింది. ఆటోలు నిండుగా పోతున్నాయి. దశరథం రోడ్డు మధ్యకు పోయి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు. ముక్కాలు గంటకు జగిత్యాల మార్కెటుకు మామిడికాయలు తీసుకుపోయే ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. డ్రైవరూ తనూ కలిసి సారును ఎత్తి కాయల డబ్బాల నడుమ కూర్చోబెట్టారు. ఊర్మిలమ్మ ఆయన తలకు ఎండ తగలకుండా కొంగు అడ్డం పట్టి డబ్బా అంచున కూర్చుంది. బండి కదిలేటప్పుడు ఆమె ఫోనులో ఎవరితోనో చెబుతున్న మాట దశరథం చెవిన పడింది.

“బండి పాతదైపోయింది. పాపం దశరథం ఏం జేస్తడు.”

వాళ్లు ఆసుపత్రి చేరేసరికి సారుకు కేటాయించిన మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. సాయంత్రం ఆరింటికి ఖాళీ అవుతుందన్నారు. నాలుగింటికల్లా సారుకు ఊపిరి అందలేదు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు చేరాయని కరీంనగర్‌కు అంబులెన్సులో తీసుకుపోయారు. రోడ్డు పక్కన కారుకు కాపలా కూర్చున్న దశరథానికి ఇదంతా ఊర్మిలమ్మ ఫోను చేసి చెప్పింది. బండిని సిరిసిల్లకు చేర్చి చూపించమనీ, దాని గురించి మనసు కష్టపెట్టుకోవద్దనీ కూడా చెప్పింది.

శనివారం పొద్దున రికవరీ బండి మీద కారు సిరిసిల్ల చేరింది. హన్మండ్లు షెడ్డు మరమగ్గాల సందుకు చివర ఉంది. రెండు పక్కలా మగ్గాలు నడుస్తుంటాయి కనుక అక్కడ ఏ మాటైనా అరిచి చెప్పాలి. అరవై దాటిన హన్మండ్లు కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, ఎప్పటినుంచి అని చేత్తోనే అడిగాడు.

“నిన్ననే అన్నా. తొవ్వల ఒక్కపారె ఆగింది.” దశరథం గొంతు పెంచి చెప్పాడు. అబద్ధాన్ని అంత గట్టిగా చెప్పడం అతనికి అదే మొదటిసారి.

హన్మండ్లు పుల్ల లాగి, నూనెను గుడ్డకు తుడవకుండా అరచేతిలో రాసుకున్నాడు. వాసన చూశాడు. గులాబీ రంగు చూసి కూడా అతని ముఖంలో ఏ మార్పూ లేదు. గేరుపెట్టె వైపు పోకుండా ముందుకు వచ్చి రేడియేటర్ మూత తిప్పాడు. వేలు లోపల పెట్టి తీస్తే వేలికి గులాబీ రంగు మీగడ అంటుకుంది. తల ఊపాడు. రేడియేటర్‌కు కొత్త నీళ్లు నింపి, గేరుపెట్టె నుంచి దాని అడుగుకు వచ్చే రెండు సన్నటి గొట్టాలను విప్పాడు. ఒక రంధ్రాన్ని గుడ్డ చుట్టిన బిరడాతో మూసి, రెండోదాంట్లోకి కంప్రెసర్ గాలి కొద్దికొద్దిగా వదిలాడు. దశరథాన్ని దగ్గరికి పిలిచి, నీళ్లలోకి చూడమన్నాడు.

నీళ్లలో బుడగలు వస్తున్నాయి. గాలి ఆపితే ఆగాయి. మళ్లీ వదిలితే మళ్లీ వచ్చాయి.

హన్మండ్లు అతని చెవి దగ్గర నోరు పెట్టి వివరించాడు. గేరుపెట్టె నూనె వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చడానికి రేడియేటర్ అడుగున, నీళ్ల మధ్యనుంచి ఒక చిన్న గొట్టం పోతుంది. బండి పాతబడితే ఆ గొట్టాన్ని లోపల్లోపల తుప్పు తింటుంది. చిల్లు పడితే నీళ్లు నూనెలోకీ, నూనె నీళ్లలోకీ పోతాయి. రెండూ కలిస్తే ఈ రంగు వస్తుంది.

“దీంట్ల డ్రైవర్ జేసేదేముంటది? ఎవల చేతుల లేదిది.”

దశరథం మరొకసారి చెప్పమన్నాడు. హన్మండ్లు మరొకసారి చెప్పాడు. దశరథం పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు. మగ్గాల చప్పుడుకు తన మాట తనకే వినబడక, రెండుసార్లు మొదలుపెట్టి ఆపి, మూడోసారి చెప్పగలిగాడు.

“కువైట్‌ల గుడ గిదే రంగుండె అన్నా. గేరు తప్పేసి నువ్వే కరాబు జేసినవన్నరు. పదనాలుగేండ్లాయె.”

అది ఎంత పాత బండి అని హన్మండ్లు అడిగాడు. తను చేరేటప్పటికే పదేళ్లదని దశరథం చెప్పాడు. నీళ్లు తగ్గుతుండెనా అంటే, దినాం పోస్తుంటిని అన్నాడు. హన్మండ్లు గుడ్డకు చేయి తుడుచుకున్నాడు.

“ఆ బండి నేను సూడలే. గని గులాబి రంగు నూనె గేరు తప్పు ఏసుడుతోని రాదు. నీళ్లు గలిస్తెనే అస్తది. నీకెవలు జెప్పిండ్రో, గా మనిషికి పని రాదు. లేకుంటె నీ సేటుతోని కలిసి జెప్పిండు.”

కఫీల్ ఎనిమిది నెలల జీతం ఆపుకుని తనను విమానం ఎక్కించిన రోజు దశరథం ఎదురు మాట అనలేదు. అతను కూడా నమ్మాడు. గేటు దగ్గర ఒక మధ్యాహ్నం, పిల్లలు తొందరపెడుతుంటే, బండి పూర్తిగా ఆగకముందే కర్రను వెనక గేరులోకి లాగిన గుర్తు అతనికి ఉంది. పద్నాలుగేళ్లుగా ఆ ఒక్క నిమిషాన్ని అతను మళ్లీ మళ్లీ నడిపాడు. ప్రతిసారీ బండి పూర్తిగా ఆగేదాకా ఆగి, ఆ తర్వాతే కర్ర లాగాడు. ఇప్పుడు ఆ నిమిషానికీ బండి చెడిపోవడానికీ సంబంధమే లేదని తెలిసింది. లోపలెక్కడో బిగబట్టి ఉన్నది వదులైంది. నవ్వబోయాడు కూడా.

హన్మండ్లు అప్పటికే కారు కిందికి దూరాడు. గేరుపెట్టె అడుగు తట్ట విప్పి బయటికి జరిపాడు. తట్టలో నూనె లేదు, నల్లటి జావ ఉంది. అందులో నానిన అట్టముక్కల్లాంటివి తేలుతున్నాయి. ఒక ముక్క తీసి వేళ్ల మధ్య రుద్దితే అది ముద్దయిపోయింది. 

అప్పుడే కరెంటు పోయింది. సందు పొడుగునా మగ్గాలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో హన్మండ్లు గొంతు మామూలుగానే వచ్చింది కానీ దశరథానికి పెద్దగా వినబడింది.

“ఒక్క దినంల గిట్ల గాదు. నిజం జెప్పు. ఎన్ని దినాలాయె?”

“సోమారం సంది.”

హన్మండ్లు కారు కిందనుంచి బయటికి వచ్చి కూర్చున్నాడు. కోపం తెచ్చుకోలేదు. లోపల గేర్లను పట్టే పలకలకు కాగితం లాంటి పూత ఉంటుందనీ, దానికి నీళ్లు తగిలితే రోజురోజుకూ ఊడిపోతుందనీ చెప్పాడు. సోమవారమే తెచ్చి ఉంటే రేడియేటర్ మార్చి, నాలుగుసార్లు నూనె పోసి కడిగితే తేరుకునేది. ఐదు రోజులు నీళ్లు పోసి, వేడి మీద నడిపి, ఉడకబెట్టినట్టయింది. ఇక ఈ గేరుపెట్టె పనికిరాదు. ఇంత పాతదానికి ఇంకొకటి ఎక్కడా దొరకదు.

“ఎర్కుండి ఎందుకు నడిపినవే?”

దశరథం చెప్పబోయాడు. గులాబీ రంగు చూసి భయమైందని చెప్పాలి. ఆ భయం ఎక్కడనుంచి వచ్చిందో ఇప్పుడే ఈ మనిషికి చెప్పాడు. టైరు అంచున ఊడిన రబ్బరు ముక్కను గిల్లుతూ కూర్చున్నాడు. హన్మండ్లుకు అర్థమైంది. గోళ్లలో చేరిన నూనెను పుల్లతో తీసుకుంటూ, యజమానులకు తాను ఇవన్నీ చెప్పనన్నాడు.

“పాత బండి, ఖతమైంది అంట. అబద్ధం గాదు గద.”

కరెంటు వచ్చింది. మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి.

రుద్రంగిలో బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. భార్య శోభ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. దశరథం ఆమె పక్కన కూర్చుని, కత్తిరించిన ఆకులను వరసగా పేర్చుతూ, కువైట్ బండి సంగతి చెప్పాడు. రేడియేటర్‌లో బుడగల సంగతీ, మెకానిక్ అన్న మాటలూ చెప్పాడు. అందులో తన తప్పేమీ లేదట అని ముగించాడు. శోభ వేళ్లు ఆగలేదు. తంబాకు చిటికెడు పోసి, ఆకు చుట్టి, కొస మడిచి, దారం తిప్పింది.

“నీ తప్పని నేనెన్నడన్న అన్ననా?”

దశరథం వెతుక్కున్నాడు. జీతం లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డ రోజు, అప్పులవాళ్లు వచ్చిపోయిన రోజులు, పెద్దపిల్ల చదువు మాన్పించిన రోజు. ఒక్కనాడు కూడా ఆమె ఆ మాట అనలేదు. లేదన్నట్టు తల ఊపాడు.

సారు కారుకేమైందని ఆమె అడిగింది. ఇక నడవదని చెప్పాడు. పాతది గదా అంది ఆమె. దశరథం ఔనన్నాడు. చేతిలో ఉన్న ఆకు పేర్చకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఆ రాత్రీ, ఆదివారమూ, సోమవారమూ ఆమెతో ఇంకేమీ చెప్పలేకపోయాడు.

సోమవారం సాయంత్రం సారును ఇంటికి తీసుకొచ్చారని తెలిసి, మంగళవారం కోరుట్ల పోయాడు. ఊర్మిలమ్మ వరండాలో చాప మీద కూర్చుని వారానికి సరిపడా మాత్రలను గళ్ల డబ్బాలో వేస్తోంది. ఐదు రోజుల్లో ఆమె మెడ ఎముకలు పైకి తేలాయి. అతన్ని చూసి కుర్చీ జరుపుకోమంది. సారు ప్రాణానికి గండం తప్పిందనీ, కానీ గుండె బాగా బలహీనపడిందన్నారనీ, ఇప్పుడు లేచి రెండడుగులు కూడా వేయలేకపోతున్నారనీ చెప్పింది. రేపటినుంచి పెద్ద ఆటో ఒకటి మాట్లాడిందట.

“నువ్వు గుడ ఎంబడి రావాలె దశరథం. ఆయన్ని ఎత్తుడు దించుడు నాతోని గాదు. ఎవలినిబడితె వాళ్లను ముట్టనియ్యడు. నువ్వైతెనే ఊకుంటడు.”

దశరథం కుర్చీలో కూర్చోలేదు. చాపకు ఇవతల, నేల మీద గొంతుక్కూర్చున్నాడు. ఇక్కడ ఊ అంటే చాలు. రేపు ఎనిమిదింటికి వచ్చి సారు చంకల కింద చేతులు పెట్టి ఎత్తవచ్చు. ఆయన బరువు భుజం మీద ఎప్పుడూ పడేచోటే పడుతుంది.

“బండి శుక్కురారం ఒక్కనాడే కరాబు గాలేదమ్మా. అంతకుముందు సోమారంనాడే గుంజింది. నాకెర్కనే ఉండె. సోమారమే జెప్తె బాగయ్యేదట. భయానికి జెప్పలే.”

మాత్ర పట్టుకున్న ఊర్మిలమ్మ చేయి గడి మీద ఆగింది. ఆమె అతని ముఖంలోకి చూడలేదు. డబ్బాలోకే చూస్తూ ఉంది. చాలాసేపటికి మాత్రను గడిలో వేసి, తర్వాతి మాత్రల పట్టీ అందుకుని, దాన్ని అలాగే ఒళ్లో పెట్టుకుంది.

“బుధారంనాడు ఆయన నిన్నడిగిండు గదా.”

“ఔనమ్మా.”

“రోడ్డు కరాబున్నదంటివి.”

ఊర్మిలమ్మ ఒళ్లోని పట్టీని తిరగేసింది.

“ఆ దినం ఇంటికచ్చినంక నాతోని అన్నడు. రోడ్డైతె సాపుగనే ఉన్నది ఊర్మిలా, నా పానమే ఖరాబై గట్ల అనిపిస్తున్నట్టున్నది అన్నడు. ఇగ నా లోపలేది సక్కగ లేదు, ఎక్కువ దినాలు ఉండ అన్నడు. రాత్రంత నిద్రవోలె.”

ఆమె గొంతు పెంచలేదు. తిట్టలేదు. కువైట్‌లో కఫీల్ వీధంతా వినబడేలా అరిచాడు, పక్కింటి డ్రైవర్లు గోడ మీదినుంచి చూశారు. ఆ అరుపును దశరథం తట్టుకున్నాడు. ఇక్కడ ఎవరైనా కాస్త అరిస్తే బాగుండుననిపించింది. ఊర్మిలమ్మ పట్టీలోంచి మాత్ర నొక్కి తీసింది. మంగళవారం గడిలో వేయబోయి, అది నిండి ఉండటం చూసి, బుధవారం గడి తెరిచింది.

లోపలినుంచి సారు గొంతు వచ్చింది. సన్నగా, మాటకూ మాటకూ నడుమ ఊపిరి తీసుకుంటూ.

“ఎవలొచ్చిండ్రు? దశరథమా?”

దశరథం లేవబోయాడు. ఊర్మిలమ్మ తల ఎత్తింది. ఆమె చూపు అతని మీద ఒక్క క్షణం నిలిచి, గేటు వైపు మళ్లింది.

“కాదు,” అంది లోపలికి వినబడేలా. “ఎవలో. తొవ్వ అడుగుతున్నరు.”

దశరథం వరండా అంచున విడిచిన చెప్పులు తొడుక్కోకుండా చేతిలోకి తీసుకున్నాడు. మెట్లు దిగి, గేటు చప్పుడు కాకుండా గడియను రెండు చేతులా పట్టుకుని, మెల్లగా వేశాడు.